రంజాన్ నెల గల్లా

నాలుగేళ్ళ కిందట ఒక శుక్రవారం, జుమా నమాజు అయ్యాక మా చిన్న ఖాలా ఇంటికొచ్చింది. చేతిలో కూరగాయల సంచీ, ఆ సంచీలో పాత దుపట్టాలో చుట్టిన బ్యాంకు పాస్‌బుక్కు. టీ కూడా తాగకుండా పాస్‌బుక్కు నా ముందు పెట్టింది.

"బేటా, ఇందులో మూడు లక్షల చిల్లర ఉంది. మీ ఖాలూ పోయాక దుకాణంలో మా హిస్సా కింద మామూ నెలనెలా ఇచ్చింది, నేను ఖర్చు పెట్టకుండా దాచింది. బ్యాంకువాళ్ళు ఫిక్స్‌డ్ వేయమంటున్నారు. నాకు సూద్ వద్దు. నువ్వు షేర్లు కొంటావంట కదా. హలాల్‌గా ఉండే కంపెనీ చూసి వేసిపెట్టు. చిన్నదాని చదువుకి మూడేళ్ళ తర్వాత కావాలి."

నేను అప్పటికి రెండేళ్ళ నుంచి షేర్లు కొంటున్నాను. మా ఖాన్‌దాన్‌లో షేర్ల గురించి మాట్లాడేవాడిని నేనొక్కడినే. దావత్‌లలో బిర్యానీ తింటూ బావలకీ తమ్ముళ్ళకీ "రేటు చూసి మోసపోవద్దు, పీఈ చూడండి" అని చెప్పేవాడిని. నిజానికి ఆ మాట తప్పేం కాదు. తప్పు ఎక్కడుందో తర్వాత తెలిసింది. ఎవరింట్లోనైనా నాలాంటి చదువుకున్న మూర్ఖుడు ఒకడుంటే, వాడి చేతికి ఒక ఖాలా పాస్‌బుక్కు అప్పజెప్పేలోగా ఇది చదువుతారేమోనని రాస్తున్నాను.

ముందు పీఈ అంటే ఏమిటో చెబుతాను. ఒక షేరు ధరని, ఆ షేరు మీద కంపెనీ ఏడాదికి సంపాదించే లాభంతో భాగిస్తే వచ్చే అంకె అది. కంపెనీకి ఏడాదికి పది కోట్ల నికర లాభం వచ్చి, మొత్తం కోటి షేర్లు ఉన్నాయనుకోండి. ఒక్కో షేరు వంతుకి పది రూపాయలు. దీన్ని ఈపీఎస్ అంటారు. షేరు ధర 200 అయితే పీఈ 20. అంటే ఏడాదికి పది రూపాయలు సంపాదించే దాన్ని మీరు ఇరవై ఏళ్ళ సంపాదన ఇచ్చి కొంటున్నారన్నమాట.

దీనివల్ల మొదటి ఫాయిదా ఏమిటంటే, షేరు ధర చూసి సస్తా, మహెంగా అనుకునే అలవాటు పోతుంది. 2023 జూన్‌లో ఎంఆర్ఎఫ్ షేరు ఒక్కటి లక్ష రూపాయలు దాటింది. మన దేశంలో లక్ష దాటిన మొదటి షేరు అదే. మా తమ్ముడు "అబ్బో, అంత మహెంగా!" అన్నాడు. లక్ష రూపాయల షేరు సస్తా కావచ్చు, ఇరవై రూపాయల షేరు మహెంగా కావచ్చు. తరబూజాని పది ముక్కలు చేసినా వంద ముక్కలు చేసినా పండు ఒకటే. ముక్క ధర కాదు, ముక్కలో ఎంత గుజ్జు ఉందో చూడాలి. కంపెనీ ఒక షేరుని రెండుగా విడగొడితే ధర సగమవుతుంది, ఈపీఎస్ కూడా సగమవుతుంది, పీఈ అలాగే ఉంటుంది.

ఇంతవరకూ నాకు బాగా తెలుసు. ఆ ఇల్మ్‌తోనే ఖాలా డబ్బుకి కంపెనీ వెతికాను. బ్యాంకులు తీసేశాను. మద్యం, సిగరెట్లు తీసేశాను. అప్పులు ఎక్కువున్నవి తీసేశాను. మిగిలినవాటిని పీఈ వరసలో పెడితే పైన ఒక చిన్న కంపెనీ తేలింది. పేరు రాయను. షేరు ధర 120 రూపాయలు, ఈపీఎస్ 30 రూపాయలు. పీఈ 4! అదే ధందాలో ఉన్న మిగతా కంపెనీలు 18, 20 దగ్గర అమ్ముడవుతున్నాయి. నాలుగేళ్ళ సంపాదనకే కంపెనీ దొరుకుతుంటే దునియా అంతా కళ్ళు మూసుకుని కూర్చుందా అనుకున్నాను. నాకే అల్లా తెలివి ఇచ్చాడనుకున్నాను. ఖాలా డబ్బులో మూడు లక్షలతో 2,500 షేర్లు కొన్నాను.

మూడు నెలలకి 95 అయింది. సబర్ చేయాలన్నాను. ఆరు నెలలకి 80. ఇంకా సస్తా అయిందని సంతోషపడ్డాను. ఏడాది తిరిగేసరికి 64. మూడు లక్షలు లక్షా అరవై వేలయ్యాయి.

అప్పుడు, అంటే కొనక ముందు చేయాల్సిన పని కొన్న ఏడాదికి, ఆ కంపెనీ వార్షిక నివేదిక తెరిచాను. లాభనష్టాల పట్టికలో 'ఎక్సెప్షనల్ ఐటమ్స్' అని ఒక లైను. దాని వివరం లోపలి పేజీల్లో ఒక నోటులో ఉంది. కంపెనీకి ఊరి మధ్యలో పాత ఫ్యాక్టరీ స్థలం ఉండేది, దాన్ని అమ్మేశారు. షేరుకి వచ్చిన 30 రూపాయల లాభంలో 24 రూపాయలు ఆ స్థలం అమ్మితే వచ్చినవే. వ్యాపారం మీద వచ్చింది ఆరు రూపాయలు. 120ని ఆరుతో భాగిస్తే 20. అంటే మిగతా కంపెనీల కంటే అది ఒక్క పైసా సస్తా కాదు. తర్వాతి ఏడాది అమ్మడానికి స్థలం లేదు, వ్యాపారమూ తగ్గింది. ఈపీఎస్ నాలుగు రూపాయలకి దిగింది. 64కి పడ్డాక కూడా పీఈ 16. బజారు కళ్ళు మూసుకోలేదు. మూసుకున్నది నేను.

ఆ రాత్రి ఇషా తర్వాత చాలాసేపు మేడ మీద కూర్చున్నాను. డబ్బు పోవడం ఒక బాధ, అది అమానత్ కావడం ఇంకో బాధ. ఖాలూ నడుం వంచి సంపాదించింది, ఖాలా కొత్త చీర కొనుక్కోకుండా దాచింది. మర్నాడు పొద్దున్నే మామూ దగ్గరికి వెళ్ళాను. ఖాలాకి చెప్పడానికి ముందు ఎవరికో ఒకరికి చెప్పాలి కదా.

మామూ దుకాణం గుంటూరు లాలాపేటలో. బట్టల దుకాణం. అప్పుడే షట్టర్ తీసి, అగరొత్తి వెలిగించి, గల్లా దగ్గర కూర్చున్నారు. నేను చెప్పిందంతా విన్నారు. కోప్పడలేదు. పీఈ అంటే ఏమిటని అడిగారు. చెప్పాను. కాసేపు తస్బీ తిప్పుతూ ఆలోచించి ఒక్కటే సవాల్ అడిగారు.

"అరే బేటా, ఆ నఫా రంజాన్ మహీనాదా, సాల్ భర్‌దా?"

ఆ మాట వినగానే నాకు 2003 గుర్తొచ్చింది. తల దించేసుకున్నాను. ఎందుకంటే ఈ పాఠం నాకు అప్పుడే వచ్చు. అదే దుకాణంలో, అదే గల్లా పక్కన నేర్చుకున్నాను.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మామూ, ఖాలూ కలిసి ఆ దుకాణం కొనాలనుకున్నారు. అమ్మేవాడు ఒక సేఠ్. నా చేతిరాత బాగుంటుందని హిసాబ్ రాయడానికి నన్ను కూడా తీసుకెళ్ళారు. రంజాన్ పండుగ అయిపోయి నెల అయింది. సేఠ్ మాకు చాయ్ తెప్పించి, ఒక పుస్తకం తెరిచి చూపించాడు.

"చూడండి భాయ్, కిరాయి, కరెంటు, కుర్రాడి జీతం అన్నీ పోను ఈ నెల నఫా అరవై వేలు. ఏడాదికి ఏడు లక్షల ఇరవై వేలు. సరుకూ గుడ్‌విల్లూ కలిపి పద్నాలుగు లక్షలు ఇవ్వండి. రెండేళ్ళలో మీ పైసా మీకు వాపస్."

ఖాలూ కళ్ళు మెరిశాయి. నేను కాగితం మీద పన్నెండు ఆరులు డెబ్భై రెండు అని వేసి, లెక్క సరిపోయిందని మామూకి చూపించాను. మామూ కాగితం చూడలేదు. సేఠ్ చేతిలో పుస్తకం చూశారు.

"సేఠ్, ఇది రంజాన్ నెల పుస్తకం. మిగతా పదకొండు నెలలవి కూడా తెప్పించండి. వీలైతే మూడేళ్ళవి."

సేఠ్ మొహం కొంచెం వాడిపోయింది. అయినా పుస్తకాలు తెచ్చాడు. మధ్యాహ్నం నుంచి మగ్రిబ్ దాకా కూర్చుని నేను రాశాను. మిగతా పదకొండు నెలలూ కలిపి ఎనభై వేలు. రెండు నెలలైతే నుక్సాన్ కూడా. అంటే ఏడాదికి లక్షా నలభై వేలు. సేఠ్ అడిగిన పద్నాలుగు లక్షలు రెండేళ్ళ సంపాదన కాదు, పదేళ్ళ సంపాదన.

మామూ అక్కడితో ఆగలేదు. "సేఠ్, పొద్దున్నుంచి రాత్రి దాకా మీరే కూర్చుంటారు కదా, మీ జీతం ఈ లెక్కలో ఉందా?" లేదు. మేమూ ఎవరినైనా పెట్టుకోవాలి, నెలకి మూడు వేలు. ఏడాదికి ముప్ఫై ఆరు వేలు తీసేశారు. మిగిలింది లక్షా నాలుగు వేలు. "సూరత్ వ్యాపారులకి బాకీ ఎంత?" లక్ష. "ఊళ్ళో ఉద్దెర ఎంత? అందులో వసూలయ్యేదెంత?" సేఠ్ జవాబు చెప్పకుండా నీళ్ళు తాగాడు. "కిరాయి కాగితంలో ఇంకా ఎన్నేళ్ళుంది?" పదకొండేళ్ళు.

చివరికి తొమ్మిది లక్షల దగ్గర సౌదా కుదిరింది. ఎనిమిది లక్షలు సేఠ్ చేతికి, లక్ష బాకీ మా నెత్తిన. తొమ్మిదేళ్ళ లోపు డబ్బు వాపస్ వస్తుంది, కిరాయి కాగితం పదకొండేళ్ళుంది. ఆ రెండేళ్ళ తేడానే తన భరోసా అని మామూ దారిలో ఖాలూకి చెప్పారు.

మా మామూ ఏడో తరగతి. ఆయనకి పీఈ అన్న మాట తెలియదు. కానీ ఆ రోజు ఆయన చేసిందంతా పీఈయే. పైన ధర, కింద సంపాదన. ధర ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. మగ్రిబ్ దాకా పట్టింది కింది అంకె నిజమైనదో కాదో తేల్చుకోవడానికే. నేను మాత్రం ఫోన్ తెరమీద ఇంగ్లీషులో '4' అని కనబడగానే నమ్మేశాను. పుస్తకాలు తెప్పించలేదు. ఆ పుస్తకాలు ఇప్పుడు ఏ సేఠ్‌నీ అడగక్కర్లేదు. ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ వెబ్‌సైట్లలో ప్రతి లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదికా ముఫ్త్‌గా దొరుకుతుంది. ముఫ్త్‌గా దొరికేదాన్ని తెరవకపోవడం గఫ్లత్ కాక మరేమిటి!

ఆ రోజు నుంచి నేను మామూ సవాళ్ళనే షేర్లకి కూడా అడగడం మొదలుపెట్టాను. నేర్చుకున్నది చెబుతాను.

మొదటిది, నఫా ఎక్కడి నుంచి వచ్చింది. స్థలం అమ్మితే వచ్చిందా, పాత పన్ను వాపస్ వచ్చిందా, ఇంకో కంపెనీలో వాటా అమ్మారా. ఇలాంటివి ఒక్కసారే వస్తాయి. 'ఎక్సెప్షనల్ ఐటమ్స్', 'అదర్ ఇన్‌కమ్' అనే రెండు లైన్లు చూస్తే చాలావరకు బయటపడుతుంది. ఆ డబ్బు తీసేసి మిగిలిన లాభంతో పీఈ మళ్ళీ వేసుకోవాలి.

రెండోది, అది రంజాన్ ఏడాదా. కొన్ని వ్యాపారాలకి ఒక నెల కాదు, ఒక ఏడాదే రంజాన్‌లా వస్తుంది. ఉక్కు, సిమెంటు, చక్కెర, రసాయనాలు ఇలాంటివి. టాటా స్టీల్ చూడండి. 2021-22లో ఉక్కు ధరలు ఆకాశంలో ఉన్నాయి. ఆ ఏడాది కంపెనీ లాభం 41,000 కోట్లు దాటింది. 2022 మార్చి ఆఖరున పీఈ 4కి దగ్గరగా ఉంది. తర్వాతి ఏడాది లాభం సుమారు 8,000 కోట్లకి తగ్గింది. ఆ మరుసటి ఏడాది నష్టం. 2023 మార్చికి షేరు ధర తగ్గింది, కానీ పీఈ 14 దాకా పెరిగింది. లాభం ధర కంటే చాలా వేగంగా పడిపోయింది కాబట్టి. ఇది ఆ కంపెనీ తప్పేం కాదు, ఉక్కు వ్యాపారం స్వభావమే అంత. ఇలాంటి కంపెనీల్లో పీఈ అన్నిటికంటే తక్కువగా కనబడే రోజే చాలాసార్లు అన్నిటికంటే ఖతర్నాక్ రోజు. నష్టాల్లో ఉన్న ఏడాది అసలు పీఈయే ఉండదు, భాగించడానికి లాభం లేదు కదా.

దీనికి మందు మామూ చేసిందే, మూడేళ్ళ పుస్తకాలు. బెంజమిన్ గ్రాహం అనే అమెరికా ఆయన 'ది ఇంటెలిజెంట్ ఇన్వెస్టర్' అనే పుస్తకం రాశాడు, మొదట 1949లో వచ్చింది. జాగ్రత్తపరుడైన మనిషి గత మూడేళ్ళ సగటు లాభానికి 15 రెట్లకు మించి ధర ఇవ్వకూడదని అందులో సలహా ఇచ్చాడు. ఆ 15 అనే అంకె ఆయన కాలానిది, ఆయన దేశానిది. దాన్ని ఖురాఫాత్‌లా పట్టుకోనక్కర్లేదు. కానీ 'మూడేళ్ళ సగటు' అన్న మాట మాత్రం లాలాపేటకి కూడా సరిపోతుంది.

మూడోది, బాకీ. పీఈలో అప్పు కనబడదు. ఒకే లాభం, ఒకే పీఈ ఉన్న రెండు కంపెనీల్లో ఒకటి అప్పుల్లో మునిగి ఉండొచ్చు, ఇంకోటి చేతిలో నగదుతో ఉండొచ్చు. సేఠ్‌కి ఇచ్చే ఎనిమిది లక్షలకి బాకీ లక్ష కలిపితేనే అసలు ధర తెలిసినట్టు, షేరు ధరకి అప్పు కూడా కలిపి ఆలోచించాలి. ఈ విషయంలో మనకి ఒక ఆసానీ ఉంది. హలాల్ షేర్లు వెతికేవాళ్ళు ఎలాగూ అప్పు చూస్తారు. ఆయోఫీ అనే సంస్థ ప్రమాణం ప్రకారం, వడ్డీ మీద తెచ్చిన అప్పు కంపెనీ మార్కెట్ విలువలో 30 శాతానికి మించకూడదు. నాజాయెజ్ ఆమ్‌దనీ 5 శాతానికి మించకూడదు. ఇందులో ఒక మెలిక గమనించండి. మార్కెట్ విలువ వంద కోట్లు, అప్పు 27 కోట్లు ఉంటే కంపెనీ పాస్. షేరు ధర పడి విలువ 80 కోట్లయితే, కొత్తగా ఒక్క రూపాయి అప్పు చేయకపోయినా అది 33 శాతం దాటుతుంది. ఫత్వా సంగతి మీ ఆలిమ్‌ని అడగండి. నేను చెప్పేది హిసాబ్ సంగతి మాత్రమే.

నాలుగోది, గల్లాలో పైసా ఉందా. ఉద్దెరకి అమ్మినా పుస్తకంలో నఫా రాసుకోవచ్చు. పుస్తకంలో నఫా, గల్లాలో బొద్దింకలు! కంపెనీ నివేదికలో 'క్యాష్ ఫ్లో' అని ఒక పట్టిక ఉంటుంది. నాలుగైదేళ్ళ లాభాలు కూడి, అదే కాలంలో వ్యాపారం నుంచి వచ్చిన నగదుని పక్కన పెట్టి చూడండి. లాభం కొండంత, నగదు గోరంత ఉంటే ఆ పీఈని నమ్మకండి.

ఐదోది, ఎవరితో పోల్చాలి. బట్టల దుకాణాన్ని బట్టల దుకాణంతో పోల్చాలి, మెడికల్ షాపుతో కాదు. చాలామంది తమ షేరు పీఈని నిఫ్టీ పీఈతో పోలుస్తారు. నిఫ్టీలో మూడో వంతు దాకా బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలే. మనం కొననివాటితో మనం కొనేవాటిని పోల్చితే లెక్క ఎలా కుదురుతుంది? పైగా ఆ నిఫ్టీ పీఈ లెక్క కట్టే పద్ధతే మారింది. 2021 ఫిబ్రవరిలో అది 40 దాటింది. మార్చి ఆఖరున ఎన్‌ఎస్‌ఈ అనుబంధ కంపెనీల లాభాలు కూడా కలిపి లెక్క కట్టడం మొదలుపెట్టగానే 33 దగ్గరికి దిగింది. బజారు పడలేదు, లెక్క మారింది. అంతకు ముందు గ్రాఫునీ తర్వాత గ్రాఫునీ ఒకే గీతగా చూసేవాళ్ళు ఇప్పటికీ ధోఖా తింటున్నారు. మీ కంపెనీకి కూడా అనుబంధ కంపెనీలుంటే 'కన్సాలిడేటెడ్' లాభంతోనే పీఈ వేయండి.

ఆరోది, పీఈ ఎక్కువైతే వదిలేయాలా? అక్కర్లేదు. ఏడాదికి 20 శాతం చొప్పున లాభం పెంచుకునే కంపెనీ నాలుగేళ్ళలో లాభాన్ని రెట్టింపు చేస్తుంది. ఇవాళ 40 పీఈకి కొంటే, ధర కదలకపోయినా నాలుగేళ్ళకి అది 20 పీఈ. కానీ ఆ ఉమ్మీద్ తప్పితే దెబ్బ రెండు వైపులా పడుతుంది. ఈపీఎస్ 10, పీఈ 40, ధర 400 అనుకోండి. లాభం తగ్గనక్కర్లేదు, పెరగడం ఆగితే చాలు. జనం 15 రెట్లే ఇస్తామంటే ధర 150. ఒక్క కంపెనీకే కాదు, ఒక దేశానికే ఇలా జరిగింది. 1989 డిసెంబరులో జపాన్ నిక్కీ సూచీ 38,915 దగ్గర ఉన్నప్పుడు అక్కడి షేర్ల పీఈ 60 దాకా ఉంది. ఆ అంకెని సూచీ మళ్ళీ దాటింది 2024 ఫిబ్రవరిలో. 34 ఏళ్ళు! అప్పుడు కొన్నవాళ్ళలో ఎంతమంది అది చూడడానికి మిగిలారో!

ఇంకో మాట. పీఈ 10 అంటే పదేళ్ళలో మీ డబ్బు మీ చేతికొస్తుందని కాదు. దుకాణం మీదైతే గల్లా మీది. కంపెనీలో మీరు చిన్న హిస్సాదారు. లాభంలో కొంత డివిడెండ్‌గా ఇస్తారు, మిగతాది కంపెనీలోనే ఉంచి వాడతారు. వాళ్ళు దాన్ని బాగా వాడతారా, తగలేస్తారా అన్నది పీఈ చెప్పదు. నడిపేవాళ్ళ నియ్యత్, వాళ్ళ పాత రికార్డు చెబుతాయి.

ఇళ్ళు కొని కిరాయికిచ్చేవాళ్ళు మనలో చాలామంది. సూద్ వద్దనుకుంటే కనబడే మొదటి దారి అదే కదా. ఒకసారి దానికి కూడా ఈ లెక్క వేయండి. అరవై లక్షల ఇల్లు, నెలకి పదిహేను వేల కిరాయి. ఏడాదికి లక్షా ఎనభై వేలు. పీఈ 33. రిపేర్లూ పన్నూ తీసేస్తే ఇంకా ఎక్కువ. ఇల్లు కొనవద్దని చెప్పడం లేదు. 33 రెట్లు ఇచ్చి ఇల్లు కొంటూ నిశ్చింతగా నిద్రపోయే మనం, 25 రెట్లున్న మంచి కంపెనీ పేరు చెబితే "జూదం" అంటాం. రెండిటినీ ఒకే తరాజులో పెట్టండి అంటున్నాను, అంతే.

ఇక ఖాలా సంగతి. ఆ రోజు సాయంత్రమే మామూని వెంటబెట్టుకుని ఖాలా ఇంటికి వెళ్ళాను. ఉన్నదున్నట్టు చెప్పాను. లక్షా నలభై వేలు పోయిందన్నాను. ఖాలా కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఏం చేస్తాం బేటా, నా కిస్మత్. నువ్వేం తిన్నావా" అంది. ఆ మాటతో నేను బయటపడిపోయి ఉండేవాడిని. కానీ మామూ గొంతు సవరించుకున్నారు.

"ఒకరి పైసాతో ఇంకొకరు తిజారత్ చేసినప్పుడు, చేసినవాడు జాగ్రత్తగా చేసినా నుక్సాన్ వస్తే అది పైసా పెట్టినవాళ్ళది. గఫ్లత్ చేస్తే అది చేసినవాడిది. మన బుజుర్గులు చెప్పింది ఇదే. బేటా, నువ్వు జాగ్రత్తగా చూశావా, లేదా? అది నేను చెప్పలేను, మీ ఖాలా చెప్పలేదు. నీకే తెలుసు."

నాకు తెలుసు. పుస్తకం తెరవలేదు. తెరిచి ఉంటే ఆ నోటు పది నిమిషాల్లో కనబడేది. తెరిచి, అన్నీ చూసి, అయినా ధర పడి ఉంటే అది బజారు. తెరవకుండా పడింది కాబట్టి అది నేను. ఆ షేర్లు అమ్మేసి లక్షా అరవై వేలు ఖాలా ఖాతాలో వేశాను. మిగతాది నెలకి ఐదు వేల చొప్పున ఇస్తానన్నాను. ఖాలా వద్దంది, ఏడ్చింది కూడా. మామూ మాత్రం "తీసుకో ఆపా, వాడి దిల్ హల్కా అవుతుంది" అన్నారు. ఇరవై ఎనిమిది నెలలు పట్టింది. ఆఖరి ఐదు వేలు పోయిన రంజాన్‌కి ముందు ఇచ్చాను.

చిన్నది కాలేజీలో చేరింది. మొదటి ఏడాది ఫీజు కట్టగా మిగిలిన దానిలో కొంత పట్టుకుని ఖాలా మళ్ళీ వచ్చింది. అదే సంచీ, అదే దుపట్టా. నేను చేతులు జోడించాను. "నాకివ్వకు ఖాలా" అన్నాను.

"నీకివ్వడం లేదు. ఈసారి ఇద్దరం కలిసి చూద్దాం. నువ్వు చదువు, నేను వింటా. తెలుగులో చెప్పు."

వంటగది గుమ్మం దగ్గర కూర్చుని ఒక కంపెనీ నివేదిక చదివి వినిపించాను. ఖాలా వెల్లుల్లి ఒలుస్తూ వింది. అమ్మకాలు ఇంత, ఖర్చు ఇంత, లాభం ఇంత, షేరు మీద ఇంత, పీఈ 17 అని చెప్పాను. ఖాలా చెయ్యి ఆగింది.

"అందులో స్థలం అమ్మిన పైసా ఏమీ లేదు కదా బేటా?"

పేజీలు వెనక్కి తిప్పి, ఆ లైను మీద వేలు పెట్టి చూపించాను. ఆ గడిలో ఒక చిన్న గీత తప్ప ఏ అంకే లేదు. ఖాలా కళ్ళద్దాలు సర్దుకుని ఆ గీతని చూసింది.

"సరే, ముందుటేడాదిది కూడా చదువు" అంది.